కొలంబస్, ఇండియానా: ఈ పేరుమోసిన భవనాలు ఊరికి ఆస్తా, బరువా?

మొక్కజొన్న చేను (చర్చ మొదలుపెట్టినవారు)

ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన వాదన ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ కూడా అవతలి పక్షంలో చేరిపోయింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఇది ఒహాయోలోని కొలంబస్ కాదు. ఇండియానాపోలిస్‌కి దక్షిణంగా గంట ప్రయాణం. 2020 లెక్కల్లో జనాభా 50,474. మనవాళ్లు ఎక్కువగా కమిన్స్ డీజిల్ ఇంజన్ల ఉద్యోగాల మీద వచ్చినవాళ్లే. ఇంత చిన్న ఊళ్లో ఎలియెల్ సారినెన్ చర్చి (1942), ఆయన కొడుకు ఈరో కట్టిన బ్యాంకు (1954), ఐ. ఎం. పే లైబ్రరీ (1969), రాబర్ట్ వెంచూరి ఫైర్ స్టేషన్ ఉన్నాయి. బడుల దగ్గర్నుంచి జైలు దాకా పేరున్న ఆర్కిటెక్టులే.

గొడవ ఎక్కడంటే, నార్త్ క్రిస్టియన్ చర్చి దగ్గర. ఆరు పలకల భవనం, మీద 192 అడుగుల ఎత్తున సూది లాంటి శిఖరం. దీన్ని గీసిన ఈరో సారినెన్ 1961లో పోయాడు, కట్టడం 1964లో పూర్తయింది. వచ్చేవాళ్లు తగ్గిపోయి 2022లో ఆ సంఘమే మూతపడింది. భవనం కౌంటీ పబ్లిక్ లైబ్రరీ చేతికి వచ్చింది. ఇలాంటివాటి మీద ప్రజల డబ్బు పెట్టడం న్యాయమా? నాకైతే కాదనిపిస్తోంది. ముందు అద్దెల సంగతి చూడాలి.

పాత ఇంజనీరు

చేను గారూ, అసలు ఇవన్నీ ఎలా వచ్చాయో తెలిస్తే ప్రశ్న కాస్త మారుతుంది.

కమిన్స్ 1919లో పుట్టింది. క్లెస్సీ కమిన్స్ అనే మెకానిక్, ఇక్కడి బ్యాంకరు డబ్ల్యూ. జి. ఇర్విన్ దగ్గర కారు డ్రైవరు. ఆ ఇర్విన్ డబ్బుతోనే కంపెనీ. 1937 దాకా లాభం ముఖం చూడలేదు, అయినా ఆ కుటుంబం పెట్టుబడి పెడుతూనే ఉంది. 1934లో పగ్గాలు చేపట్టినవాడు ఆ కుటుంబంలోవాడే, జె. ఇర్విన్ మిల్లర్.

యుద్ధం అయ్యాక పిల్లలు పెరిగారు, బడులు చాలవు. హడావుడిగా చవక కట్టడాలు లేపేశారు. మంచి ఇంజనీర్లు ఇలాంటి ఊరికి పెళ్లాంపిల్లలతో ఎందుకొస్తారని మిల్లర్ బెంగ. అప్పుడు కమిన్స్ ఫౌండేషన్ ఒక మాట ఇచ్చింది: మేమిచ్చే జాబితాలోంచి ఆర్కిటెక్టును మీరే ఎంచుకోండి, ఆయన ఫీజు మేం కడతాం. మొదటిది 1957లో హ్యారీ వీస్ గీసిన ష్మిట్ ప్రాథమిక పాఠశాల. తరవాత ఫైర్ స్టేషన్లకీ మిగతా ప్రజా భవనాలకీ అదే పద్ధతి.

ఇదంతా గొప్పల కోసం చేశారనడం అన్యాయం. మిల్లర్ 1963 వాషింగ్టన్ పౌరహక్కుల యాత్రకు సాయపడ్డవాడు. 1967లో ఎస్క్వైర్ పత్రిక ఈయన్ని అమెరికా అధ్యక్షుణ్ణి చేయాలని అట్ట మీదే వేసింది.

సున్నా వాలు కప్పు

ఇంజనీరు గారు చెప్పిందాంట్లోనే చిక్కుముడి ఉంది. ఫౌండేషన్ కట్టింది *ఫీజు*. కట్టడం ఖర్చు ఊరిది. ఆ తరవాత అరవై ఏళ్ల కప్పు, గాజు, బాయిలరు, కారే నీళ్లు అన్నీ ఊరివే. ఏనుగుని బహుమతిగా ఇచ్చారు బాగానే ఉంది, మేత ఎవరిది?

నేను ఇదే పనిలో ఉన్నాను (వేరే రాష్ట్రంలో). ఆ కాలపు ఆధునిక భవనాల్లో సమతలం కప్పులు, ఒంటి పొర గాజు, కాంక్రీటులో దాగిన ఇనుము మామూలు. ఇండియానా చలికి మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, సందుల్ని పెద్దవి చేస్తుంది. మామూలు ఇల్లయితే కప్పు మార్చి ఊరుకుంటాం. జాతీయ చారిత్రక కట్టడమైతే అసలు గీతకు భంగం రాకూడదు, ఆ పని తెలిసినవాడే చేయాలి. ఖర్చు ఎన్నింతలవుతుందో మీరే ఊహించుకోండి. ఎలియెల్ సారినెన్ చర్చి గోపురం 166 అడుగులు, దాని మరమ్మతుకు ఊరు చందాల ఉద్యమమే నడపాల్సి వచ్చింది.

కాబట్టి నా మాట: భవనం ఉంచండి, కానీ ముందు నిర్వహణ నిధి చూపించండి. నిధి లేకుండా తీసుకోవడం అంటే వచ్చే తరం నెత్తిన పెట్టడమే.

ప్లాజా పక్కిల్లు

అన్నయ్యలందరూ కప్పుల గురించి మాట్లాడుతున్నారు, కప్పు కింద ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేదు.

నేను డిపెండెంట్ వీసా మీద ఓ జనవరిలో దిగాను. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, ఆయన ఉదయం వెళ్తే రాత్రికే. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేది. నడిచి వెళ్లగలిగిన చోటు పే కట్టిన ఆ ఇటుకల లైబ్రరీ ఒక్కటే. ముందు హెన్రీ మూర్ పెద్ద కంచు తోరణం, దాని కింద పిల్లలు పరిగెడుతుంటారు. మొదటి నెల ఆ తోరణం ఏదో విరిగిన ఎముకలా ఉందనుకున్నాను! లోపల ఎవరూ నన్ను ఏం పనని అడగలేదు. పిల్లల కథల గంటలోనే నాకు మొదటి స్నేహితురాలు దొరికింది. మా బాబుకి మాటలు వచ్చింది అక్కడే అంటే నమ్మండి.

అద్దె ఇళ్లు కావాలి, ఒప్పుకుంటాను. కానీ చర్చిని కూల్చినంత మాత్రాన అద్దెలు తగ్గవు కదా.

పుల్లవిరుపు మాట

అక్కా, నీ మాట నిజమే, లైబ్రరీ మంచిది. మామూలు డబ్బా లాంటి భవనంలో ఉన్నా అంతే మంచిది. దానికి పే ఎందుకు?

అసలు అడగాల్సింది వేరే. ఒక కంపెనీ దయ మీద ఊరు నిలబడొచ్చా? ఆర్విన్ ఇండస్ట్రీస్ గుర్తుందా ఎవరికైనా? ఈ ఊరి కారు విడిభాగాల కంపెనీయే. 2000లో మెరిటార్‌తో కలిసిపోయింది, హెడ్డాఫీసు మిషిగన్ వెళ్లిపోయింది. ఇర్విన్ కుటుంబం బ్యాంకు 2009లో దివాలా తీసింది. ఈరో సారినెన్ గాజు బ్యాంకు తరవాత కమిన్స్ మీటింగుల చోటయింది. 2017లో కమిన్స్ డిస్ట్రిబ్యూషన్ విభాగానికి కొత్త ఆఫీసు కట్టింది ఎక్కడ? ఇండియానాపోలిస్‌లో.

ఇంకోటి. అందరూ ఫొటోలు దిగే మిల్ రేస్ పార్కు 1992లో ఇప్పటి రూపానికొచ్చింది. అంతకుముందు ఆ చోటు పేరు 'డెత్ వ్యాలీ'. నది ఒడ్డున పేదల గుడిసెలు. 1960ల్లో ఖాళీ చేయించారు. ఆ గుడిసెల బొమ్మ ఏ టూరు కరపత్రంలో వేస్తారు?

పాత ఇంజనీరు

డెత్ వ్యాలీ మాట కాదనను. ఆ కథ పార్కులో ఒక పలక మీదైనా పెద్దగా రాయాలి.

కానీ తమ్ముడూ, మిగతా ఊళ్లలోనూ ఫ్యాక్టరీలు వెళ్లాయి. వెళ్లాక మిగిలింది తుప్పు షెడ్లు. ఇక్కడ కనీసం ఏదో ఒకటి మిగిలింది. మన ఊరి దినపత్రిక రిపబ్లిక్ భవనం చూడు, అచ్చు యంత్రాలు పోయాయి, ఇండియానా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ కోర్సు వచ్చి కూర్చుంది.

సున్నా వాలు కప్పు

ఆ ఉదాహరణ ఒప్పుకుంటాను. అది నాలుగు వైపులా గాజు ఉన్న ఖాళీ హాలు, దేనికైనా సరిపోతుంది. చర్చి అలా కాదు. మధ్యలో వేదిక, చుట్టూ బల్లలు, శిఖరం అడుగు నుంచి వెలుతురు. అందులో పుస్తకాల అరలు పెడితే అది సారినెన్‌దీ కాదు, లైబ్రరీ కూడా కాదు.

ప్లాజా పక్కిల్లు

అరలు ఎందుకండీ? సంగీతం పెట్టొచ్చు, సభలు పెట్టొచ్చు. మన ఉగాది ప్రతి ఏడాదీ బడి జిమ్‌లో చేసుకుంటాం, మైకులో మాట ఒక్కటీ వినపడి చావదు.

మొక్కజొన్న చేను

మెట్టు దిగుతున్నాను, సగమే. ఇప్పుడు నా ప్రశ్న 'ఉంచాలా వద్దా' కాదు, 'ఎవరి ఖర్చుతో, ఎవరి కోసం' అని. 2008 జూన్ 7న హా క్రీక్ వాగు పొంగి ఆసుపత్రి నేలమాళిగ మునిగింది. రోగుల్ని ఖాళీ చేయించి, ఆసుపత్రిని నెలల తరబడి మూసేశారు. అప్పుడు ఇక్కడున్న మా సీనియర్ ఒకాయన, ఆ వారం ఎవరూ సారినెన్ పేరెత్తలేదనే అంటాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

శనివారం మా అమ్మాయితో వెళ్లి చర్చి చుట్టూ తిరిగొస్తాను. లోపలికి పంపిస్తారేమో ఫోన్ చేసి కనుక్కోవాలి.

సున్నా వాలు కప్పు

వెళ్తే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. శిఖరం మొదలయ్యే చోట మరకలున్నాయేమో చూసి, ఫొటో ఇక్కడ పెట్టండి.