పొదుపు సంఘం వసూళ్లను యూపీఐకి మార్చవచ్చా? అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

నమస్కారం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన ఒక చిన్న పొదుపు సంఘానికి నేను కార్యదర్శిని. నెలనెలా సభ్యులు తెచ్చే నగదును లెక్కపెట్టి, పాసుపుస్తకాల్లో రాసి, బ్యాంకులో జమచేయడానికే రెండు రోజులు పడుతున్నందున, ఇకపై క్యూఆర్ కోడ్ పెట్టి యూపీఐ ద్వారా తీసుకుందామని యువ సభ్యులు పట్టుబడుతున్నారు. వారి మాటలో న్యాయముంది. ప్రతి చెల్లింపుకూ తేదీతో సహా ఆధారం మిగులుతుంది, నా చేతిరాత మీద తగవులూ తప్పుతాయి.

నా భయమల్లా ఒకటే. ఎక్కడో మోసం చేసి కాజేసిన సొమ్ము ఎవరి చేతనో మా ఖాతాలోకి వచ్చిపడితే, సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరుకు అందిన ఫిర్యాదు మీద ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానంతటినీ, స్తంభింపజేస్తారు. అప్పుడు ఏ పాపమూ ఎరుగని సభ్యులకు అప్పులివ్వడం ఆగిపోతుంది. పైగా, అనధికార లావాదేవీల్లో ఖాతాదారుకు రక్షణ కల్పించే 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, పిన్ను మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే కనుక, పెద్ద వయసు సభ్యుల గురించీ బెంగగా ఉంది.

వసూళ్లకు వేరే ఖాతా తెరిచి, ఏ రోజు సొమ్మును ఆ రోజే ప్రధాన ఖాతాకు మళ్లిస్తే ముప్పు తగ్గుతుందా, లేక ఆ సొమ్ము వెంటే స్తంభన కూడా వస్తుందా? ఇలా మారిన సంఘాల వారు నగదు వసూలును పూర్తిగా మానేశారో, కొంత ఉంచుకున్నారో కూడా దయచేసి తెలుపగలరు.