కుక్కను ఇచ్చేద్దామన్న కొడుకుది తప్పా? లీసా రిడ్జేన్ నవల మీద

గోథెన్‌బర్గ్ తెలుగోడు: ‘వెన్ ద క్రేన్స్ ఫ్లై సౌత్’ నిన్న రాత్రి రెండింటికి ఏడుస్తూ ముగించాను. స్వీడిష్‌లో 2024లో వచ్చింది, నేను చదివింది ఆలిస్ మెన్జీస్ ఇంగ్లిష్ అనువాదం. బూ అనే 89 ఏళ్ల ముసలాయన, స్వీడన్ ఉత్తరాన ఒక పల్లె. భార్య ఫ్రెడ్రికా డిమెన్షియాతో (మతిమరుపు జబ్బు) కేర్ హోమ్‌లో ఉంది. తోడు సిక్స్‌టెన్ అనే కుక్క. నువ్వు దాన్ని చూసుకోలేవు, ఇచ్చేద్దాం అంటాడు కొడుకు హాన్స్. అలాంటి కొడుకు పగవాడికి కూడా వద్దు.

అరటితోట: అది వేటజాతి కుక్క. తిప్పుతూ ముసలాయన అడవిలో పడితే ఎత్తేదెవరు?

చదువరి: ముసలాయన, కుక్క, భార్య వాసన పోకుండా సీసాలో దాచిన స్కార్ఫ్. ఏడవకపోతే డబ్బు వాపస్ అన్నట్టుంది.

పాత నోట్‌బుక్: చదువరి గారూ, మీరు సీసా దగ్గరే ఆగిపోయారు. మధ్యమధ్యలో హోమ్ కేర్ వాళ్ల, అంటే రోజూ ఇంటికొచ్చి బూను చూసుకునే కేరర్ల నోట్స్ ఉంటాయి చూడండి. తేదీ, టైము, తిన్నాడా, స్నానం చేశాడా, అంతే. రచయిత్రి తాతగారి చివరి రోజుల్లో కేరర్లు ఇంట్లోవాళ్ల కోసం రాసిపెట్టిన నోట్స్ చూశాకే ఆమెకు ఈ నవల తట్టింది. పైన బూ మనసులో భార్యతో మాట్లాడుతుంటాడు. ఇంగ్లిష్‌లో ‘యూ’ అని ఉన్నా నా చెవికి ‘నువ్వు’ అనే వినపడింది. కింద రెండు పొడి వాక్యాలు. నాకు ఏడుపొచ్చింది ఆ పొడి వాక్యాల దగ్గరే.

గోథెన్‌బర్గ్ తెలుగోడు: అసలు సంగతి కుక్క. కేరర్లు రోజూ వచ్చి పోతూనే ఉన్నారుగా, కుక్క వల్ల ఎవరికి నష్టం?

అరటితోట: కేరర్ వచ్చేది ఆయన కోసం. కుక్కను తిప్పడానికి కాదు.

గోథెన్‌బర్గ్ తెలుగోడు: మీకు కుక్కలంటే పడదేమో.

అరటితోట: మా నాన్నకు 84. పోయినేడు గేదెను నేనే అమ్మించాను. రెండుసార్లు కొట్టంలో జారిపడ్డాడు, రెండోసారి తుంటి విరిగింది. మూడు నెలలు మంచం మీదే, అన్నీ నేనే చూశాను. మా అన్నయ్య విదేశాల్లో. ఫోన్ చేసి ‘నాన్న ప్రాణం లాంటి గేదెను అమ్మేశావా’ అని ఏడ్చాడు. ఆస్పత్రిలో ఒక్క రాత్రి పడుకోలేదు, ఏడుపు మాత్రం ఆయనదే.

చదువరి: అబ్బో, ఇంట్లో గొడవ ఇక్కడికెందుకు?

గోథెన్‌బర్గ్ తెలుగోడు: నన్నే అంటున్నారా? నేనూ స్వీడన్ నుంచి ఏడాదికి ఇరవై రోజులు వస్తాను. డబ్బు పంపుతాను.

అరటితోట: పేరు మీరే పెట్టుకున్నారు కదండీ, గోథెన్‌బర్గ్ అని.

పాత నోట్‌బుక్: రచయిత్రి పరిశోధన కూడా ఉత్తరాది పల్లెల్లో మగవాళ్ల తీరు మీదేనట. బూ తన తండ్రితో మనసు విప్పి మాట్లాడలేదు, హాన్స్‌తోనూ అంతే. ఇద్దరూ కుక్క గురించే అరుచుకుంటారు.

గోథెన్‌బర్గ్ తెలుగోడు: అరటితోట గారూ, ఒకటి అడగొచ్చా? అమ్మేముందు మీ నాన్నగారిని అడిగారా?

అరటితోట: లేదు. అడిగితే వద్దంటాడు. ఇప్పటికీ నాలుగింటికి లేచి కొట్టం దాకా వెళ్లొస్తాడు. నేను నిద్రపోతున్నట్టు పడుకుంటాను.