కొండవాలు ఇళ్లకి ముందు గోడా, కాలువా?

గట్టుమీది: 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో వానకి బండలు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. అప్పట్నుంచీ అందరూ రిటైనింగ్ వాల్ (వాలు జారకుండా ఆపే గోడ) కట్టమనేవాళ్లే. ముందు నీటిదారి చూడండి. 30 చదరపు మీటర్ల కప్పు మీద 100 మి.మీ. వాన పడితే 3,000 లీటర్లు. గొట్టం లేకపోతే అదంతా కింది ఇంటి వెనక తవ్విన మట్టికట్టలోకి దిగుతుంది. ప్రతి కప్పుకీ గొట్టం, మెట్ల పక్కన సిమెంటు కాలువ, తవ్విన కట్టకి పైన అడ్డకాలువ కావాలి. మట్టి వాలు మీద వట్టివేరు అడ్డవరసల్లో, మొక్కకీ మొక్కకీ 10–15 సెం.మీ. ఎడంతో, తొలకరిలోనే నాటాలి.

రాతిగోడ: గడ్డి నాటితే బండ ఆగుతుందా?

గట్టుమీది: బండకి గడ్డి అని నేననలేదు. వదులు బండకి రాక్ బోల్టు (బండని కొండకి బిగించే ఇనుప కడ్డీ), ఇనుప వల, లేదంటే పగలగొట్టి దించడం. నేను చెప్పేది మట్టి జారుడు గురించి.

రాతిగోడ: పడింది బండలండీ!

గుణదల_వాసి: మా వీధిలో గోడ కట్టినవాళ్లు నీటి కన్నాలు పెట్టలేదు. పొట్ట ఉబ్బి నిలబడింది.

గట్టుమీది: ఉబ్బదా మరి! 3 మీటర్ల గోడ వెనక నీరు నిండితే మీటరు పొడవుకి దాదాపు 4.5 టన్నుల తోపుడు, మట్టి తోపుడు కాకుండా. నీరు బయటికి పోయేలా గోడలో 75 మి.మీ. గొట్టాలు 1.5 మీటర్లకొకటి పెట్టాలి. వెనక కంకర, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) లేకపోతే అవీ పూడిపోతాయి. కరీబియన్ దీవి సెయింట్ లూసియా దేశంలో, రాజధాని కాస్ట్రీస్ కొండవాడల్లో ముఖ్యంగా కాలువల మీదే పనిచేశారు.

రాతిగోడ: అది అగ్నిపర్వతపు మట్టి. మనది ఖొండలైట్, పగుళ్ల రాయి. ఎలా పోలుస్తారు?

గట్టుమీది: ఆ పగుళ్లలోకి నీరు దిగితేనేగా బండ కదిలేది? ఒక్క బండనే పట్టుకుని వేలాడతారేంటి?

రాతిగోడ: ఎందుకంటే మీరు కాలువ కడితే "ఇక్కడే ఉండండి" అని చెప్పినట్టు. దాని పైన మరో వరస ఇళ్లు లేస్తాయి. అసలు అక్కడ మనుషులు ఉండకూడదు.

గట్టుమీది: అదీ మీ మనసులో మాట! గోడ గురించి కాదన్నమాట. బండల కింద ఇళ్లు ఖాళీ చేయించాల్సిందే, ఒప్పుకుంటా. మిగతావాళ్లని ఊరవతల పడేస్తే రోజుకూలీ పనికెలా వస్తాడు?

రాతిగోడ: ఏ ఇల్లు ఉండాలో, ఏది పోవాలో ఎవరు తేలుస్తారు? పట్టా ఉన్నవాళ్లా?

గుణదల_వాసి: అది తేలేలోపు కాలువ పూడిక ఎవరు తీస్తారో చెప్పండి. పగిలిన కాలువ నీటిని ఒకేచోట మట్టిలోకి దించుతుంది, లేనిదానికన్నా ప్రమాదం. మే నెలలోనే పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి.