ఏఎస్ నొప్పితో సిగరెట్ మానినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మూడుసార్లు ఫెయిల్ అయ్యా

ఒంగోలు టు వైట్‌ఫీల్డ్
నాకు 34, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (ఏఎస్, వెన్ను వాచి బిగుసుకుపోయే జబ్బు) బయటపడి ఆరేళ్లు. బెంగళూరులో కుందలహళ్లి దగ్గర ఉంటా. పొద్దున లేచేసరికి నడుం చెక్కలా బిగుసుకుపోయి ఉంటది, గంట దాకా వంగలేను, సాక్సులు మా ఆవిడే తొడుగుద్ది. కళ్లు తెరిచిన పది నిమిషాల్లో బాల్కనీలో మొదటి సిగరెట్ పడాల్సిందే. రోజుకి పది పన్నెండు. పొగ తాగితే వెన్ను త్వరగా అతుక్కుపోతది, ఇంజెక్షన్లు కూడా సరిగా పనిచెయ్యవు అని డాక్టర్ గారు చెప్పారు, అది బుర్రకెక్కింది. కానీ మానిన ప్రతిసారీ మూడో రోజుకల్లా నొప్పి డబుల్, నిద్ర సున్నా, అప్పుడు ఒకటి వెలిగిస్తే నిజంగానే తగ్గుద్ది, భ్రమ కాదు. "విల్ పవర్ ఉండాలి బ్రో" అనేవాళ్లు దయచేసి వద్దు, ఉన్న విల్ పవర్ అంతా మంచం దిగడానికే అయిపోద్ది.

హిందూపురం పిల్లోడు
అన్నా నాది డిస్క్ ప్రాబ్లం, మానేసి రెండేళ్లు. తగ్గేది నిజమే. నికోటిన్‌కి నొప్పిని కాసేపు మొద్దుబార్చే గుణం ఉండాది, దానికి తోడు ముందు సిగరెట్ దిగిపోయి వచ్చిన చిరాకు కూడా ఈ దమ్ముతోనే పోతాది, మనం రెండూ కలిపి నొప్పే తగ్గిందనుకుంటాం. మానినాక రెండో రోజు మూడో రోజే అసలు పీకులాట, అప్పుడు నొప్పి కూడా ఎక్కువ తెలుస్తాది, తర్వాత మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటాది. నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలే, జబ్బు ముదిరిందనుకోని ఎంఆర్ఐ తీపించినా, డబ్బులు దండగ.

ఇంగోటి. సిగరెట్ పేరుతో గంటకోసారి కుర్చీలోంచి లేచి కిందికి దిగేవాణ్ని కదా, నడుముకి సగం సుఖం ఆ నడకలోనే ఉండె. మానినాక పదిహైదు రోజులు కుర్చీకి అతుక్కోనిపోయినా, కొంప మునిగింది. ఇప్పుడు అదే టైముకి లేచి ఊరికే ఒక రౌండ్ కొట్టొస్తా. టీ కొట్టు పక్కకి మాత్రం పోను, కర్ణాటకలో లూజు సిగరెట్లు 2017 నుంచి బ్యాన్ అంట, పేరుకే, యాడ అడిగినా విడిగా ఇస్తారు.

కరీంనగర్ కాకా
వేప్‌కి, అదే ఈ-సిగరెట్‌కి మారు భయ్యా, నేను గట్లనే తగ్గించిన.

మందుల షాపు అక్క
కాకా, అవి 2019 నుంచి దేశం మొత్తం బ్యాన్.
ఒంగోలు తమ్ముడూ, నేను ఫార్మసిస్ట్‌ని, డాక్టర్‌ని కాదు. సిగరెట్ మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్ ఎప్పుడైనా వాడావా? చాలామంది బబుల్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లు కడుపుమంట వస్తే పారేస్తారు. ఘాటు తగిలేదాకా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు పోయాక మళ్లీ నమలాలి. కాఫీకి, గమ్‌కి పావుగంట గ్యాప్ ఉండాలి, లేకపోతే ఒంటికి పట్టదు. లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్లకి 2 ఎంజీ ఆనదు, 4 ఎంజీ కావాలి, దానికి డాక్టర్ చీటీ అడుగుతారు.

కాఫీ ఎన్ని తాగుతావు? పొగ వల్ల లివర్ కాఫీని త్వరగా వదిలించేస్తుంది, పొగ ఆపాక అదే ఫిల్టర్ కాఫీ ఒంట్లో చాలాసేపు నిలిచిపోతుంది, దడ, నిద్ర పట్టకపోవడం. నొప్పికి డ్యులోక్సెటిన్ వేసుకుంటుంటే అదీ ఇంతే, మానే ముందు డాక్టర్‌కి చెప్పు. సిగరెట్ పెట్టె మీద 1800-11-2356 ఉంటుంది చూడు, మానడానికి సాయం చేసే నంబరు, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఒంగోలు టు వైట్‌ఫీల్డ్
రోజుకి ఐదు కాఫీలు అక్కా. మానిన రోజుల్లో సిగరెట్ బదులు ఇంకో రెండు ఎక్కువే కొట్టా 🤦 గమ్ కూడా మీరు చెప్పినట్టే, రెండు రోజులు నమిలి పడేశా. మంగళవారం అపాయింట్‌మెంట్ ఉంది, చీటీ అడుగుతా. మరి సంక్రాంతికి ఊరెళ్లక ముందే మొదలెట్టనా, వచ్చాకా?

హిందూపురం పిల్లోడు
వచ్చినాకనే అన్నా. రాత్రంతా బస్సులో కూర్చోని దిగితే నీ నడుం రెండు రోజులు పట్టేస్తాది, ఆ నొప్పి తగ్గినాక మొదలుపెట్టు. ఊర్లో మీ బావలు ఎట్లా ఉంటారో నాకు తెలీదు, మా బావలైతే పెట్టె ఇంటి గడప కాడనే తెరుస్తారు.