షేర్లు కొనే ధైర్యం పుట్టుకతో వస్తుందా, పెరిగిన ఇంటి నుంచి వస్తుందా?

చర్చ ప్రారంభించినవారు:
విత్తు ఒకటి వేస్తే చెట్టు మరొకటి మొలవదన్న మాట డబ్బు వ్యవహారాలకూ వర్తిస్తుందని నా అభిప్రాయం. స్వీడన్ కవలలపై 2010లో వెలువడిన అధ్యయనాన్నే తీసుకోండి. అక్కడ 2007 వరకు సంపద పన్ను ఉండేది గనుక ఎవరి చేతిలో ఏ షేర్లు ఎంత విలువకు ఉన్నాయో ప్రభుత్వ లెక్కల్లోనే దొరికేది. ముప్పై ఏడు వేలకు పైగా కవలల వివరాలను ఆ లెక్కలతో జతచేసి, జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే అయిన కవలలను, సగం మేరకే పంచుకున్న కవలలతో పోల్చి చూస్తే, షేర్లలో డబ్బు పెట్టాలా వద్దా, పెడితే ఎంత అన్న విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు మూడో వంతు జన్యువులదని తేలింది. పెంపకం ప్రభావం చిన్న వయసులో కనిపించినా, అనుభవం పెరిగేకొద్దీ మాసిపోయింది.

మొదటి జవాబు:
ఆ మూడో వంతు ఒక మనిషి ధైర్యంలోని భాగం కాదు, ఆ కాలపు స్వీడన్ ప్రజల మధ్య ఉన్న తేడాలలోని భాగం మాత్రమే. చూపు మందగించడం పూర్తిగా వంశపారంపర్యమే అయినా కళ్ళద్దాలు పనికిరావని చెప్పలేమని ఆర్థికవేత్త ఆర్థర్ గోల్డ్‌బర్గర్ 1979లోనే వాదించారు. పైగా తరచూ కలుసుకునే కవలల పెట్టుబడులు మరింత దగ్గరగా ఉంటాయని మీరు చెప్పిన అధ్యయనమే అంటోంది. ఆ సంగతి మీరు వదిలేశారు.

నార్వేలో జరిగింది చూడండి. కొరియా నుంచి దత్తత వచ్చిన పసిపిల్లలను ఏ ఇంటికి పంపాలన్నది ఆ ఇంటి ఆస్తిని చూసి కాక, దరఖాస్తుల వరుసను బట్టి జరిగేది. రక్తసంబంధం లేకపోయినా, సంపన్నుల ఇళ్ళలో పెరిగినవారు పెద్దయ్యాక ఎక్కువ ఆస్తి కూడబెట్టారు, షేర్లలోనూ ఎక్కువ పెట్టారు.

రెండో జవాబు:
కవలలను పక్కనపెట్టి జన్యువులనే నేరుగా వెతికినవారూ ఉన్నారు. పది లక్షల మందికి పైగా పరీక్షించిన 2019 అధ్యయనంలో, రిస్కు తీసుకునే స్వభావంతో ముడిపడిన చోట్లు జన్యుపదార్థంలో 99 దొరికాయి. అయితే జన్యుసమాచారం అంతా కలిపి వేసిన స్కోరు వివరించగలిగింది ఆ స్వభావంలోని తేడాలో సుమారు 1.6 శాతమే. మూడో వంతు ఎక్కడ, ఇది ఎక్కడ?

చర్చ ప్రారంభించినవారు:
కలుసుకోవడం గురించిన అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను, కానీ వేర్వేరు చోట్ల పెరిగిన కవలల్లోనూ ఆ పోలిక కనిపించింది కదా! ఇక 1.6 శాతం మాటకొస్తే, అక్కడ కొలిచినది షేర్ల ఖాతాను కాదు, మీరు రిస్కు తీసుకునే మనిషేనా అన్న ప్రశ్నకు జనం తమ గురించి తాము చెప్పుకున్న జవాబును.