అప్‌డేట్: ఉబుంటు (లైనక్స్) సిస్టమ్ ఊరికే వేడెక్కుడు – కారణం దొరికింది

హన్మకొండ జిరాక్స్ షాపు సిస్టమ్ ఏం తెరవకున్నా ఫ్యాన్ రొద పెడుతోందని అడిగిన కదా, సంగతి తేలింది. థర్మల్ పేస్ట్, ర్యామ్ మార్చుడు దండుగే అయింది. ‘క్రాన్‌ట్యాబ్ -ఎల్’ (టైము ప్రకారం వాటంతటవే నడిచే పనుల లిస్టు చూపే కమాండ్) కొట్టి చూడమన్న అన్నకు శనార్తులు. ప్రతి నిమిషం /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) లోంచి ఒక ఫైలును నడిపే లైన్ కనబడ్డది: కాయిన్ మైనర్, అంటే మన సీపీయూను వాడుకుని వేరేటోళ్లకు క్రిప్టో కాయిన్లు సంపాదించే దొంగ ప్రోగ్రామ్. దాన్ని ఎన్నిసార్లు కిల్ చేసినా (ఆపినా) మళ్లీ లేచేది అందుకే.

అది జొరబడ్డ దారి? రూటర్‌లో 22 పోర్టు (దూరం నుంచి సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ వాడే దారి) బార్లా తెరిచి ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డేమో షాపు పేరు, పక్కన 123. లైనక్స్‌కు వైరస్ రాదన్న ధీమా మాదే!

లైన్ ఒక్కటి తీసేసి ఊకోలే. ఇంకేం దాచిందో తెల్వదు. డిస్క్ చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినం, వేరే సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చినం, పోర్టు మూసినం, ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ బంద్ చేసి కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలు) పెట్టినం. ఇప్పుడు ఖాళీగా ఉంటే సీపీయూ 2–3 శాతమే.