వానకు ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగే 5/8 వేవ్ యాంటెన్నా తీసేసి క్వార్టర్ వేవ్ పెట్టొచ్చా?

27 మెగాహెర్ట్జ్ సీబీకీ (సిటిజన్స్ బ్యాండ్ రేడియో), 28 మెగాహెర్ట్జ్ దగ్గరి 10 మీటర్ల హ్యామ్ (అభిరుచి రేడియో) బ్యాండుకీ కలిపి ఒకే బేస్ యాంటెన్నా: కింద మ్యాచింగ్ కాయిల్ ఉన్న 5/8 వేవ్ (తరంగదైర్ఘ్యంలో 5/8 వంతు పొడవు) వర్టికల్. పొడవు 6.7 మీటర్లు, అడుగు భాగం నేలకు 9 మీటర్ల ఎత్తున ఉంది. ఫీడ్‌లైన్ 18 మీటర్ల ఆర్‌జీ-213 కోయాక్సియల్ కేబుల్.

పొడిగా ఉన్నప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిగ్గా మ్యాచ్ అయిందో చెప్పే కొలత, 1 అయితే ఉత్తమం) 27.185 దగ్గర 1.3, 28.4 దగ్గర 1.9. వాన మొదలైన పది నిమిషాలకే 27.185లోనూ 3 దాటుతుంది. ఆగాక మూడు నాలుగు గంటలకు తనంతట తానే 1.3కి దిగుతుంది.

పీఎల్-259 కనెక్టర్లు రెండూ మార్చి సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు చుట్టాను, తేడా లేదు. వానలోనే యాంటెన్నా విప్పి కేబుల్ చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) పెడితే 1.1 చూపించింది, కాబట్టి కేబుల్ తప్పు కాదు. కాయిల్ కవర్ తీస్తే ట్యాప్ స్క్రూ చుట్టూ పచ్చటి చిలుము, ఫార్మర్ (కాయిల్ చుట్టిన గొట్టం) మీద సన్నటి తడి పొర. చిలుము గీకి, ఆరబెట్టి, అంచులకు సిలికాన్ పెట్టాను. తర్వాతి వానకు మళ్లీ అదే.

అందుకే కాయిలే లేని క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్ అనుకుంటున్నాను: 27.7కి లెక్కగట్టి 2.57 మీటర్ల రాడ్, అంతే పొడవు రేడియల్స్ (అడుగున నేలలా పనిచేసే రాడ్లు) నాలుగు, 45 డిగ్రీలు కిందికి వంచి. ఇంపీడెన్స్ 50 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది, రెండు బ్యాండ్లూ అందుతాయి. బెంగల్లా దూరం గురించే.

అదే 9 మీటర్ల ఎత్తులో ఈ రెండూ మార్చి చూసినవాళ్లకు, 20-30 కిలోమీటర్ల లోకల్ సిగ్నల్ ఎన్ని డీబీ తగ్గింది?